ఎడమ చెయ్యి ఎక్కడికి పోయింది? మా హాల్లో రూమ్ కరెక్షన్, నా అనుభవం

మా ఇల్లు తిరుపతి బైరాగిపట్టెడలో. హాలు పొడవు 16 అడుగులు, వెడల్పు 12, ఎత్తు 10. కింద టైల్స్, పైన శ్లాబు, చుట్టూ సిమెంటు పూసిన గోడలు. మన ఊళ్లలో చాలా హాళ్లు ఇట్లాగే ఉంటాయి. టీవీకి అటూ ఇటూ రెండు నిలువు స్పీకర్లు, మధ్యలో సెంటర్ స్పీకర్, వెనక రెండు చిన్నవి, టీవీ పక్క మూలలో బాస్ (బరువైన కింది స్వరాలు) కోసం ఒక సబ్‌వూఫర్. రాత్రి సినిమాలు నావి, తెల్లవారుజామున కచేరీలు మా నాన్నవి. ఆయన చదువుకునే రోజుల్లో ఇక్కడి శ్రీవేంకటేశ్వర సంగీత నృత్య కళాశాలలో కొన్నాళ్లు మృదంగం నేర్చుకున్నారు. ఇప్పటికీ మహతి ఆడిటోరియంలో మంచి కచేరీ ఉందంటే అరగంట ముందే వెళ్లి కూర్చుంటారు.

మొదట్లో సోఫా వెనక గోడకు ఆనించి ఉండేది. సినిమాలో పిడుగు పడినా, లారీ వెళ్లినా, ఢోలు మోగినా బాస్ అంతా ఒకటే మోతగా వినిపించేది. గోడ దగ్గర కూర్చుంటే బాస్ పెరుగుతుందని తెలుసుకుని సోఫాను నాలుగడుగులు ముందుకు లాగాను. తర్వాత రిసీవర్‌తో (స్పీకర్లన్నిటినీ నడిపే ఆంప్లిఫయర్ పెట్టె) పాటు వచ్చిన చిన్న మైకు తీసి ఆటోమేటిక్ సెటప్ నడిపాను. మా రిసీవర్‌లో ఉన్నది ఆడిస్సీ మల్ట్‌ఈక్యూ ఎక్స్‌టీ32 అనే రూమ్ కరెక్షన్ సాఫ్ట్‌వేర్. ప్రతి స్పీకర్ నుంచి చిర్రుమని ఒక శబ్దం పంపి, అది మైకు దగ్గరికి ఎట్లా చేరిందో కొలిచి, దూరం, లెవెల్, స్వరాల హెచ్చుతగ్గులు సరిచేయడం దాని పని. ఇరవై నిమిషాల్లో అయిపోయింది. ఆ రాత్రి సినిమాలో మోత తగ్గింది, మాటలు స్పష్టంగా వచ్చాయి. చాలా సంతోషపడ్డాను.

మర్నాడు తెల్లవారి నాన్న కచేరీ పెట్టుకున్నారు. పది నిమిషాలకే నన్ను పిలిచారు.

"ఏమిరా చేసినావు దీన్ని? పాడే ఆయప్ప గొంతు బాగానే ఉంది. మృదంగంలో కుడి చెయ్యి వినపడతా ఉంది. ఎడమ చెయ్యి ఎక్కడికి పోయింది?"

కూర్చుని విన్నాను. ఆయన చెప్పింది నిజం. కుడి వైపు వలంతల మీద చాపు, నామం లాంటి దెబ్బలన్నీ ఖణేల్మని పలుకుతున్నాయి. ఎడమ వైపు తొప్పి మీద గుమ్కీ అనే సాగే దెబ్బ మాత్రం, దెబ్బ తగిలిందని తెలుస్తోందే గానీ నాదం లేదు. తంబూర కూడా కింది తీగ ఊడిపోయినట్టు పలచగా ఉంది. కరెక్షన్ తీసేసి విన్నా అంతే. అంటే తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు. ఆ తప్పును సాఫ్ట్‌వేర్ సరిచేయలేకపోయింది, అంతే. ఈ తేడా నాకు అర్థం కావడానికి రెండు వారాలు పట్టింది.

ఆ రెండు వారాల్లో ముందు చేసిన పని, ఫోన్‌లో ఆడిస్సీ యాప్ కొని, టార్గెట్ కర్వ్‌లో (ఏ స్వరం ఎంత వినిపించాలో చెప్పే గీత) బాస్ స్వరాలుండే 70 హెర్ట్జ్ దగ్గర వేలితో పైకి లాగి 6 డెసిబెల్స్ పెంచడం. సోఫాలో కూర్చుంటే ఏమీ మారలేదు. వంటింట్లోంచి నా భార్య మాత్రం, "ఏమండీ, ఇక్కడ గిన్నెలు అదురుతున్నాయి" అంది. సబ్‌వూఫర్ కోన్ కష్టపడి కొట్టుకుంటోంది. 6 డెసిబెల్స్ అంటే ఆంప్లిఫయర్ నాలుగు రెట్లు పవర్ ఇవ్వాలి. అంత పవర్ పోసినా శబ్దం వంటింటికి వెళ్తోంది, నాన్న కూర్చునే చోటికి రావడం లేదు. ఎందుకు?

అప్పుడే చెన్నైలో ఉద్యోగం చేసే స్నేహితుడు సెలవుకు వస్తూ తన యూమిక్-1 మైకు తెచ్చిచ్చాడు. ఇది యూఎస్‌బీ మైకు. ఒక్కో మైకుకు దాని సీరియల్ నంబర్ మీద విడిగా కాలిబ్రేషన్ ఫైల్ (ఆ మైకు కొలతలోని తేడాను సరిదిద్దే పట్టిక) ఉంటుంది. మైకును స్పీకర్ వైపు తిప్పితే ఒక ఫైల్, పైకప్పు వైపు నిలబెడితే 90 డిగ్రీల ఫైల్ వాడాలి. ల్యాప్‌టాప్‌లో ఆర్‌ఈడబ్ల్యూ వేసుకున్నాను. రూమ్ ఈక్యూ విజార్డ్ అంటారు, ఉచితం. బాగా కింది స్వరం నుంచి కీచు దాకా సాగే ఒక స్వీప్ పంపి, గ్రాఫ్ గీసి చూపిస్తుంది. చెవితో రెండు వారాలు తిప్పలు పడ్డది ఆ గ్రాఫ్‌లో రెండు నిమిషాల్లో కనిపించింది. 36 హెర్ట్జ్ దగ్గర ఒక కొండ. 70 చుట్టుపక్కల ఒక లోతైన గుంట.

ఆ అంకెలు ఎక్కడినుంచి వచ్చాయో చెప్పాలి. ఎందుకంటే మీ హాలు పొడవు తెలిస్తే మీ అంకెలు మీరే తీసుకోవచ్చు. మే నెలలో మా హాల్లో 30 డిగ్రీలకు తగ్గదు. ఆ వేడిలో ధ్వని సెకనుకు దాదాపు 349 మీటర్లు పోతుంది. 16 అడుగులంటే 4.88 మీటర్లు. ధ్వని ఈ గోడ నుంచి ఆ గోడకు పోయి తిరిగొచ్చే దూరం 9.76 మీటర్లు. 349ని దాంతో భాగిస్తే 36 వస్తుంది. ఆ స్వరం రెండు గోడల మధ్య ఊయలలా నిలబడిపోతుంది, గోడల దగ్గర ఎక్కువగా మోగుతుంది. సోఫా గోడకు ఆనించినప్పటి మోత అదే. దానికి రెట్టింపు 72. ఇది కూడా గోడల దగ్గర, హాలు నడిమధ్యలో బాగా మోగుతుంది. కానీ ఏ గోడ నుంచైనా పొడవులో సరిగ్గా నాలుగో వంతు దూరంలో దాదాపు మాయమైపోతుంది. 16 అడుగుల్లో నాలుగో వంతు నాలుగడుగులు. నేను సోఫాను సరిగ్గా ఆ గుంటలోకే లాగాను.

నాన్న వింటున్న ఆ విద్వాంసుడి శ్రుతి (పాటకు ఆధారమైన 'స' ఎత్తు) ఒకటిన్నర. అంటే మధ్యస్థాయి షడ్జమం సుమారు 139 హెర్ట్జ్, మంద్ర షడ్జమం (కింది స్థాయి 'స') 69. తంబూర కింది తీగ పలికేది ఆ మంద్ర షడ్జమమే. తొప్పి నాదం కూడా ఆ ఇరుగుపొరుగులోనే ఉంటుంది. అంటే మా హాలు ఆ శ్రుతినే మింగేస్తోంది. నాన్నకు ఈ లెక్క కాగితం మీద వేసి చూపిస్తే చాలాసేపు దాన్నే చూశారు. "అయితే ఐదు శ్రుతిలో పాడే ఆడవాళ్ల కచేరీల్లో నాకు ఇది తెలియలేదే" అన్నారు. నిజమే, ఐదు శ్రుతిలో మంద్ర షడ్జమం 98 హెర్ట్జ్. ఆ గుంటకు అవతల పడుతుంది.

గుంట ఎందుకు పూడదంటే, అక్కడ నేరుగా వచ్చే అలను గోడ నుంచి తిరిగొచ్చే అల చెరిపేస్తోంది. వాల్యూమ్ పెంచితే రెండు అలలూ ఒకే మోతాదులో పెరుగుతాయి, మళ్లీ చెరుపుకుంటాయి. కొండ అట్లా కాదు. ఎక్కువగా ఉన్నదాన్ని తగ్గించడం సాఫ్ట్‌వేర్‌కు సులువు, అది చాలా బాగా చేస్తుంది. కాబట్టి గుంటను కూర్చునే చోటు మార్చి తప్పించుకోవాలి, కొండను సాఫ్ట్‌వేర్‌కు వదలాలి. సోఫాను వెనక గోడ నుంచి రెండున్నర అడుగుల దూరానికి జరిపి మళ్లీ స్వీప్ పంపాను. 36 దగ్గర కొండ కాస్త పెరిగింది. 70 దగ్గర గుంట చాలావరకు పూడింది. ఇంకా ఏ కరెక్షనూ వేయకముందే తొప్పి తిరిగొచ్చింది.

వెడల్పు వల్ల 48 దగ్గర ఇంకో చిన్న గుంట ఉంది. సోఫాను ఒక పక్కకు జరిపితే అది కూడా తగ్గుతుంది. కానీ రెండు స్పీకర్లకూ సమానదూరంలో కూర్చోకపోతే గాయకుడు ఎడమకో కుడికో జరిగిపోతాడు. అందుకే దాన్ని ముట్టుకోలేదు.

సాఫ్ట్‌వేర్‌తో కానిది ఇంకొకటి, గోడల మోత. ఖాళీ హాల్లో చప్పట్లు కొడితే టంగుమని లోహం మోగినట్టు ఒక తోక వచ్చేది. ఎదురెదురు గోడల మధ్య శబ్దం బంతిలా కొట్టుకోవడం అది. స్పీకర్‌లో ఏ స్వరం తగ్గించినా ఆ తోక పోదు. అమ్మ పెట్టెలోంచి పాత జంపఖానా తీసి సోఫాకూ స్పీకర్లకూ మధ్య పరిచాం. ఒక గోడకు మందపాటి కర్టెన్, ఎదురు గోడకు నాన్న పుస్తకాల అలమర. తోక పోయింది. ఇంత చిన్న ఖర్చుతో ఇంత మార్పు ఇంకెందులోనూ రాలేదు.

ఇక ఆటోమేటిక్ సెటప్ మళ్లీ మొదటి నుంచి. మొదటిసారి పగలు ఫ్యాను తిరుగుతుండగా, మైకును సోఫా వీపు మీద పెట్టి కొలిచాను. రెండూ తప్పే. మెత్త పక్కనే ఉంటే అక్కడ తగిలి వచ్చే శబ్దం కూడా మైకులో పడుతుంది. ఈసారి రాత్రి పదకొండున్నరకు మొదలుపెట్టాను. ఫ్యాన్లు, ఫ్రిజ్ ఆఫ్. కెమెరా స్టాండు మీద మైకు, మొన పైకప్పు వైపు, నాన్న కూర్చున్నప్పుడు చెవి ఉండే ఎత్తులో. ఎనిమిది చోట్ల కొలవమంటుంది. మొదటి చోటు చాలా ముఖ్యం, దూరాలు, లెవెల్స్ దాన్ని బట్టే లెక్కిస్తుంది. అందుకే అది సరిగ్గా నాన్న తల ఉండే చోటు. మిగతా ఏడూ దాని చుట్టూ రెండడుగుల లోపలే పెట్టాను. హాలంతా తిప్పితే సగటు తీసి ఎవరికీ సరిగ్గా కుదరని కరెక్షన్ వస్తుంది. ఐదో కొలతప్పుడు వీధిలో కుక్కలు అందుకున్నాయి. వాటికోసం పావుగంట చెమటలు కక్కుతూ కూర్చోవాల్సి వచ్చింది. ఆ కొలత మళ్లీ తీసుకున్నాను.

ఫలితాల్లో సబ్‌వూఫర్ దూరం 5 మీటర్లని చూపించింది. టేపు పట్టి కొలిస్తే మూడు మీటర్ల పైచిలుకు. మొదటిసారి దీన్ని తప్పనుకుని నేనే టేపు అంకె కొట్టాను. అది చేయకూడదు. సబ్‌వూఫర్ లోపలి సర్క్యూట్ శబ్దాన్ని కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యం చేస్తుంది. ఆ ఆలస్యాన్ని కూడా దూరంగా లెక్కగట్టి రిసీవర్ ఆ అంకె చూపిస్తుంది. దాన్ని మారిస్తే క్రాసోవర్ (స్పీకర్లు, సబ్‌వూఫర్ పని పంచుకునే స్వరం) దగ్గర స్పీకర్లూ సబ్‌వూఫరూ ఒకరినొకరు చెరుపుకుంటారు. నిలువు స్పీకర్లను 'లార్జ్' (బాస్ అంతా అవే పలికిస్తాయని) అని చూపించినా, బాస్ సబ్‌వూఫర్‌కు వెళ్లేలా 'స్మాల్'కు మార్చి క్రాసోవర్ 80 హెర్ట్జ్ పెట్టాను. ఇది మార్చడం మంచిదే.

నాన్న కచేరీల కోసం ఇంకో మార్పు. యాప్‌లో కరెక్షన్‌ను ఏ స్వరం దాకా వేయాలో పరిమితి పెట్టుకోవచ్చు. మా హాలు సైజుకు, దాని మోతకు లెక్కేస్తే సుమారు 250 హెర్ట్జ్ కింద గదిదే పెత్తనం. అంతకు పైన మనం వినేది ఎక్కువగా స్పీకర్ గుణమే. దాన్ని ఒక మైకు చూసిన గ్రాఫ్ బట్టి చదును చేయడం నాకు నచ్చలేదు. అందుకే 300 దగ్గర ఆపాను. ఆడిస్సీ రెఫరెన్స్ అనే టార్గెట్ కర్వ్‌లో 2 కిలోహెర్ట్జ్ దగ్గర కావాలనే చిన్న పల్లం ఉంటుంది. కొన్ని స్పీకర్లకు అది మేలు చేస్తుంది. మాకు వయొలిన్ ఒక అడుగు వెనక్కి పోయినట్టు అనిపించింది. 300 దగ్గర ఆపేసరికి దాని ప్రసక్తే లేకుండా పోయింది.

సినిమాలకు డైనమిక్ ఈక్యూ ఆన్‌లో ఉంచాను. తక్కువ వాల్యూమ్‌లో మన చెవికి బాస్ తగ్గినట్టు అనిపిస్తుంది, ఆ తగ్గినంత అది కలుపుతుంది. దాని లెక్క సినిమా స్థాయికి కట్టినది, కచేరీ రికార్డింగులకు ఎక్కువైపోతుంది. తెల్లవారుజామున నాన్న సన్నగా పెట్టుకుంటారు కాబట్టి పూర్తిగా తీసేయకుండా ఆఫ్‌సెట్ (అది కలిపే బాస్‌ను తగ్గించే సెట్టింగ్) 15 డెసిబెల్స్‌కు పెట్టాను. రిమోట్‌లో ఒక బటన్ మీద సినిమా సెట్టింగ్, ఇంకోదాని మీద కచేరీ సెట్టింగ్. నాన్నకు గుర్తుండేందుకు రెండో బటన్ మీద చిన్న కుంకుమ బొట్టు స్టిక్కర్ అంటించింది నా భార్య.

ఆ ఉదయం నాన్న అదే కచేరీ పెట్టుకున్నారు. తని ఆవర్తనం (తాళవాద్యాలు మాత్రమే వాయించే భాగం) వచ్చేదాకా నేను పక్కన కూర్చున్నాను. ఏమీ అనలేదు. అయిపోయాక లేచి, సోఫాను తానే ఇంకో అరడుగు వెనక్కి నెట్టుకుని, మళ్లీ పెట్టమన్నారు.

"ఇప్పుడు సరిపోయింది. ఇందాక గుమ్కీలో చివరి సాగుడు ఒక్కటి తక్కువైంది."

ల్యాప్‌టాప్ తెచ్చి అక్కడే స్వీప్ పంపాను. 65 నుంచి 75 దాకా గీత ఇంకా కొంచెం పైకి లేచి దాదాపు చదునుగా ఉంది. సోఫా కాళ్ల దగ్గర టైల్స్ మీద టేపు ముక్కలు అంటించాను, తుడిచేటప్పుడు జరిగినా మళ్లీ అక్కడికే చేరేలా. చోటు మారింది కాబట్టి ఎనిమిది కొలతలూ ఇంకోసారి తీసుకోవాలి. ఆ రాత్రికే మళ్లీ ఫ్యాన్లు ఆపాం.