మారుతీ 800 రిపేరు డైరీ: పాత రిపేర్లకు కొత్త రిపేర్లు

మార్చి చివర

కారు 1998 మోడల్ మారుతీ 800, కార్బొరేటర్ బండి. నంబరు ప్లేటు మీద ఇంకా ఏపీ 9 అనే ఉంది. మధ్యలో టీఎస్ వచ్చి పోయింది, 2024 నుంచి టీజీ నడుస్తోంది, ఇది మాత్రం మారలేదు. 796 సీసీ, మూడు సిలిండర్లు, నాలుగు గేర్లు. బానెట్ ఎత్తితే చెయ్యి దూర్చడానికి బోలెడంత చోటు. మల్కాజ్‌గిరిలో ఇంటి ముందు, నీడ ఉన్నంతసేపు పని చేసుకునే నాలాంటి వాడికి ఇంతకంటే అనువైన బండి దొరకదు.

కొని నడపడం మొదలుపెట్టాక ఒక సంగతి తేలింది. ఈ కారు రోగాల్లో సగం, ఇంతకుముందు ఎవరో చేసిన వైద్యాలే. అందుకే కొత్త పార్టు కొనే ముందు, అక్కడ అసలు ఏం ఉండాలో, ఎవరు ఏం మార్చారో చూడటం నా మొదటి పని.

ఏప్రిల్, మొదటి పని: హీటెక్కడం

తార్నాక సిగ్నల్ దాటేలోపే టెంపరేచర్ ముల్లు పైకి పోయేది. ఒక షాపులో చూపిస్తే "హెడ్ గ్యాస్కెట్ పోయింది, హెడ్ దించాలి" అన్నారు. (ఇంజన్ పై భాగమైన హెడ్‌కీ, కింది బ్లాక్‌కీ మధ్య నీళ్లు, ఆయిల్ ఒకదాంట్లో ఒకటి కలవకుండా ఆపే పొర అది.) హెడ్ దించే ముందు పైసా ఖర్చు లేకుండా చూడగలిగినవి కొన్ని ఉన్నాయి. ఆయిల్ పోసే మూత తీసి అడుగున చూశాను, తెల్లటి నురగ లేదు. పొద్దున్నే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేస్తే బుడగలు రాలేదు. సైలెన్సర్ నుంచి తెల్ల పొగ కూడా లేదు. గ్యాస్కెట్ మీద అనుమానం అక్కడికే తగ్గిపోయింది.

రేడియేటర్‌లో నీళ్లు మాత్రం టీ డికాక్షన్ రంగులో ఉన్నాయి. కూలెంట్ వాసనే లేదు. ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోశారన్నమాట. మన బోరు నీళ్లకు బకెట్ అంచునే తెల్లగా పేరుకుంటుంది, రేడియేటర్ గొట్టాలు ఎంత సన్నవో చెప్పక్కర్లేదు కదా. స్టీరింగ్ కింద ఇంట్లో లైటుకు పెట్టే స్విచ్ ఒకటి బిగించి ఉంది. అది వేస్తేనే ఫ్యాన్ తిరుగుతుంది. వేడిని బట్టి ఫ్యాన్‌ని వేసి ఆపే థర్మో స్విచ్‌కి వెళ్లాల్సిన రెండు వైర్లు మెలిపెట్టి, టేపు చుట్టి వదిలేశారు. ఇక థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌లోకి పోనివ్వని వాల్వు) ఉండే హౌసింగ్ విప్పితే లోపల ఖాళీ.

మా వీధి చివర మెకానిక్ పెద్దాయనకు చూపిస్తే నవ్వాడు. "మన ఎండలకు అది ఎందుకన్నా, తీసేస్తే ఇంజన్ సల్లగుంటదని తీసేస్తరు" అన్నాడు. చల్లగా ఉండటం నిజమే, అదే నష్టం. ఇంజన్ సరైన వేడికి రాకపోతే పెట్రోల్ ఎక్కువ తాగుతుంది, ఆయిల్‌లో తేమ ఆవిరైపోదు, పొద్దున పూట చోక్ ఎంతకీ వదలడానికి ఉండదు. పైగా పూడుకుపోయిన రేడియేటర్‌ని బాగు చేయకుండా థర్మోస్టాట్ తీసేస్తే ట్రాఫిక్‌లో హీటెక్కడం ఎలాగూ ఆగదు.

రేడియేటర్ విప్పి రాడింగ్‌కి, అంటే గొట్టాల్లో సన్న కడ్డీలు దూర్చి పూడిక తీయడానికి, ఇచ్చాను. అది వచ్చేలోపు ఇంజన్‌లోకి పైపుతో, మామూలుగా పారే దిశకు ఎదురుగా నీళ్లు కొట్టి, తేటగా వచ్చేదాకా కడిగాను. రాణిగంజ్‌లో కొత్త థర్మోస్టాట్, ఫ్యాన్ స్విచ్, రేడియేటర్ మూత దొరికాయి. థర్మోస్టాట్ మీద 82 (తెరుచుకునే డిగ్రీ) అని ఉంటే, బిగించే ముందు గిన్నెలో నీళ్లు కాచి అందులో వేలాడదీసి చూశాను. 80 దాటాక మెల్లగా తెరుచుకుంది, చల్లారాక మూసుకుంది. (ఆ గిన్నె ఇక వంటింట్లోకి రాకూడదని ఆర్డర్ పడింది.) రేడియేటర్ మూత చిన్న వస్తువని తక్కువ చూడొద్దు. లోపల ప్రెజర్ నిలిపి నీళ్లు మరిగే డిగ్రీని పైకి జరిపేది అదే. రబ్బరు వాషర్ గట్టిపడితే నీళ్లు ముందే మరిగి బయటికి తన్నేస్తాయి.

సగం కూలెంట్, సగం బ్యాటరీకి పోసే డీమినరలైజ్డ్ వాటర్ కలిపి పోశాను. మూత తీసే ఉంచి, హీటర్ నాబ్ వేడి వైపు తిప్పి, గాలి బుడగలు ఆగేదాకా ఇంజన్ నడిపాను. ఫ్యాన్ దానంతట అదే తిరిగి, దానంతట అదే ఆగింది. స్టీరింగ్ కింది స్విచ్ పీకేశాను, రంధ్రం మిగిలింది.

ఏప్రిల్, తర్వాత: సెల్ఫ్ పట్టకపోవడం

అమ్మినతను కొత్త బ్యాటరీ వేశానన్నాడు. నిజమే, బిల్లు కూడా ఇచ్చాడు. అయినా తాళం తిప్పితే "కట్" మని ఒక్క చప్పుడు, అంతే. మల్టీమీటర్‌లో బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తోంది, ఇంజన్ నడుస్తుంటే 14.1. రెండూ బాగున్నాయి. అప్పుడు మీటర్ ఒక మొన బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది ఇంజన్ బ్లాక్ మీద పెట్టి, మా అబ్బాయిని సెల్ఫ్ కొట్టమన్నాను. 1.3 వోల్టులు. అక్కడ పావు వోల్టు కూడా కనిపించకూడదు. అంటే ఎర్త్, బ్యాటరీ నెగటివ్‌ని ఇంజన్‌తో కలిపే దారి, సరిగా లేదు.

గేర్‌బాక్స్ దగ్గర చూస్తే మందపాటి ఎర్త్ పట్టీ బదులు ఇంటి వైరింగ్ వైరు రెండు పేటలు వేసి, పెయింటు మీదే బోల్టు బిగించి ఉంది. కొత్త పట్టీ తెచ్చి, బోల్టు చోట ఎమరీ పేపర్‌తో లోహం మెరిసేదాకా రుద్ది బిగించి, పైన వ్యాజలీన్ పూశాను. ఒక్క తిప్పుకే స్టార్ట్. హెడ్‌లైట్లు కూడా కాస్త తెల్లబడ్డాయి.

మే: వేడి మీద ఆగితే మళ్లీ స్టార్ట్ కాదు

డిక్కీలో ఒక పాత గుడ్డ, నీళ్ల సీసా ఎందుకున్నాయో ఇప్పుడు తెలిసింది. మధ్యాహ్నం పూట బండి ఆపి పది నిమిషాల్లో తిరిగొస్తే స్టార్ట్ కాదు, పెట్రోల్ పంపు మీద తడి గుడ్డ వేసి కాసేపు ఆగాలి. పెట్రోల్ గొట్టం మార్చినప్పుడు పొడుగు ఎక్కువైన ముక్కను అలాగే వంచి, సైలెన్సర్ వంపు పక్కనుంచి తోసేశారు. ఆ వేడికి పెట్రోల్ ఆవిరైతే ఇంజన్ మీది మెకానికల్ పంపు దాన్ని లాగలేదు.

గొట్టాన్ని వేళ్ల మధ్య వంచితే పైన పగుళ్లు విచ్చుకున్నాయి, లోపలి గోడ జిగటగా తగిలింది. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్, పాత రబ్బరుకు అది పడదు. పాత గొట్టం లోపలి వ్యాసం కొలుచుకుని, ఇథనాల్ పెట్రోల్‌ని తట్టుకునే రకం, ఎస్ఏఈ జే30 ఆర్9 అని ముద్ర ఉన్న గొట్టం అడిగి తెచ్చాను. మిగిలిన పెట్రోల్ ట్యాంకుకి తిరిగి పోయే రిటర్న్ లైనుకు కూడా అదే. తీగ క్లిప్పులు తీసేసి స్క్రూ క్లిప్పులు వేశాను. ఈ పనికి ముందు బ్యాటరీ నెగటివ్ ఊడదీయడం, ఇంజన్ పూర్తిగా చల్లారనివ్వడం తప్పనిసరి. పంపు డయాఫ్రమ్ (లోపల ఆడుతూ పెట్రోల్ లాగే పలుచని పొర) కూడా పాతదే, దాని కిట్ ఇంకా దొరకలేదు.

సస్పెన్షన్ గురించి రెండు ముక్కలు. స్పీడ్ బ్రేకర్ల మీద వచ్చే టకటక లోయర్ ఆర్మ్ (చక్రాన్ని బాడీకి కలిపే కింది చెయ్యి) రబ్బరు బుష్‌లది. వాటిని ఒత్తి బిగించే ప్రెస్సింగ్ ఇంట్లో కాదు, షాపులోనే చేయించాను, తర్వాత అలైన్‌మెంట్. కారు కిందికి దూరేటప్పుడు జాకీని నమ్మొద్దు, స్టాండ్లు పెట్టాలి.

పార్టుల సంగతి: రబ్బరు, స్విచ్, బ్రేకు సామాను ఏదైనా కొత్తదే కొనాలి, పాత ముక్క చేతిలో పట్టుకుని వెళితే గొడవ ఉండదు. డోర్ హ్యాండిల్, అద్దం, గ్లాసు తిప్పే వైండర్ లాంటివి గోషామహల్ వైపు పాత సామాన్ల దుకాణాల్లో చూడొచ్చు. సెకండ్ హ్యాండ్ బ్రేకు సిలిండర్ ఎంత చవకగా ఇస్తానన్నా నేను తీసుకోను.

జూన్: లోపల నీళ్లు

మొదటి వానకే ఎడమ వైపు కాళ్ల దగ్గర మ్యాట్ తడిసి ముద్దయింది. అబ్బాయిని టార్చ్‌తో లోపల కూర్చోబెట్టి, బయటి నుంచి పైపుతో కింది నుంచి పైకి ఒక్కోచోటే నీళ్లు పట్టాను. డోర్, బీడింగ్ రెండూ పాసయ్యాయి. వైపర్ కింద జాలీ మీద పోయగానే "నాన్నా, ఇక్కడే!" అన్నాడు. జాలీ కింద నీళ్లు దిగిపోయే దారిలో తురాయి ఆకులు పేరుకుని నల్లటి ముద్దయ్యాయి. దానికి తోడు, ఇంతకుముందు లీకు ఆపాలనుకున్న మహానుభావుడెవరో ఆ దారికే సీలెంట్ పూసేశాడు. నీళ్లు పోవడానికి లోపలి వైపు తప్ప దారి లేదు.

సీలెంట్ గోకి, ఆకులు తీశాక కార్పెట్ లేపితే ఫ్లోర్‌లో ఐదు రూపాయల బిళ్లంత రంధ్రం, దాని మీద సొల్యూషన్‌తో అతికించిన రబ్బరు ముక్క. తుప్పు గట్టి రేకు తగిలేదాకా కోయించి, రేకు ముక్క వెల్డింగ్ చేయించాను. వెల్డింగ్‌కి ముందు కింద పెట్రోల్ పైపు ఏ వైపు నుంచి పోతోందో చూసుకోవాలి. పైన జింక్ ప్రైమర్, అడుగున అండర్‌బాడీ కోటింగ్. కార్పెట్ కింది స్పాంజి పారేశాను, ఒకసారి తడిస్తే అది ఎండేది కాదు.

ఇక మిగిలింది వెనక బ్రేకు డ్రమ్ములు. కుడి చక్రం లోపలి అంచున తడి కనిపిస్తోంది, బ్రేకు షూలను తోసే వీల్ సిలిండర్ కారుతున్నట్టే. సిలిండర్లు రెండు వైపులా మారుస్తాను, షూలు కూడా. డాట్ 3 బ్రేకు ఆయిల్ డబ్బా తెచ్చి పెట్టాను కానీ సీలు తీయలేదు. తీస్తే వాన గాలిలో తేమ పీల్చేసుకుంటుంది, పని మొదలుపెట్టే రోజే తెరవాలి.