చీలిపోయిన మా సంఘం మళ్ళీ ఒక బల్ల దగ్గరికి వచ్చింది: నా అనుభవం

మాది పర్లాకిమిడి. ఒడిశా గజపతి జిల్లా అయినా పక్కనే ఆంధ్రా పాతపట్నం, మా మాటా మా బంధువులూ సగం అటే. మా క్రైస్తవ సంఘంలో తెలుగువాళ్ళం, ఒడియావాళ్ళు, కొండల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన సవర గిరిజన కుటుంబాలు అందరం ఉన్నా ఆరాధన, ప్రకటనలు, లెక్కల పుస్తకం అన్నీ తెలుగులోనే. మా పెద్దలు తెలుగును ఎందుకంత గట్టిగా పట్టుకున్నారో నాకు తెలుసు. 1936లో ఈ ఊరు ఒడిశాలో కలిసినప్పుడు, సవర భాషకు నిఘంటువు చేసిన గిడుగు రామమూర్తి గారంతటి మనిషే ఇల్లు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆ బాధ మా ఇళ్ళలో ఇంకా చెప్పుకుంటారు.

గొడవ క్రిస్మస్‌కి ముందు మొదలైంది. విధవరాళ్ళకు బియ్యం, చీర ఇచ్చే జాబితాలో ఒడియా, సవర అమ్మలు కొందరి పేర్లు లేవు. పేర్లు ఇవ్వమని ప్రకటన తెలుగులో చేశారు, వాళ్ళకి అర్థం కాలేదు. ఏటా ఇదే అవుతోందని వాళ్ళ పిల్లలు అడిగితే, "కావాలంటే వచ్చి అడగొచ్చు కదా" అన్నారు పెద్దల్లో ఒకరు. ఆ ఒక్క మాటకి కొన్ని కుటుంబాలు వేరే ఇంట్లో కూడిక పెట్టుకున్నాయి. మా తోడికోడలు అక్కది ఒడియా ఇల్లు, ఆవిడా మా బావగారూ వాళ్ళతో వెళ్ళిపోయారు. మేం కింద వాటా, వాళ్ళు పై వాటా, మెట్ల మీద ఎదురుపడితే వందనాలు కూడా లేవు. అత్తయ్య తిండి మానేసేంత టెన్షన్ పడ్డారు.

ఉపవాస ప్రార్థనలు పెట్టారు. కానీ అటువాళ్ళు మారాలని ఇటు, ఇటువాళ్ళు మారాలని అటు ప్రార్థిస్తే ఏం కలుస్తాం? అప్పుడు పాస్టర్ గారు ఆ నెల ప్రభురాత్రి భోజనం, అంటే అందరం కలిసి రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆరాధన, ఆపేశారు. దాన్నే మేం బల్ల అంటాం. అర్పణను బలిపీఠం దగ్గరే వదిలి ముందు సహోదరునితో సమాధానపడమన్న మత్తయి 5వ అధ్యాయం చదివి, మీరు వెళ్ళి రండి, తర్వాత బల్ల అన్నారు. చాలామందికి కోపం వచ్చింది. నాకైతే అదే సరైన పని అనిపించింది.

తర్వాతి ఆదివారం అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం. యెరూషలేము సంఘంలోనూ గొడవ రోజువారీ సహాయం దగ్గరే, గ్రీకు మాట్లాడే విధవరాళ్ళని పట్టించుకోవట్లేదని. అపొస్తలులు సణగొద్దని కోప్పడలేదు, ఏడుగురిని ఏర్పరచుకోమన్నారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు, అన్నీ గ్రీకు పేర్లే. అంటే ఫిర్యాదు చేసినవాళ్ళ వైపు వాళ్ళ చేతికే పంపకం అప్పగించినట్టుంది కదా! ఇన్నేళ్ళు చదివినా నాకు అది తట్టలేదు.

ఆ మాట అన్న పెద్దాయనే ముందు వెళ్ళి వాళ్ళ గుమ్మం దగ్గర క్షమాపణ అడిగారు. తర్వాత అందరం కూర్చున్నాం. అది సాఫీగా జరగలేదు. సమాధుల స్థలం, సండే స్కూల్ బహుమతులు, పెళ్ళిళ్ళలో అన్న మాటలు, ఎప్పటివో అన్నీ బయటికొచ్చాయి, అరిచారు, ఏడ్చారు, ఒకరిద్దరు లేచి వెళ్ళి మళ్ళీ వచ్చారు. చివరికి జాబితా, సహాయ నిధి ఒడియా, సవర సోదరీల చేతికి ఇచ్చారు. వాక్యం, ప్రకటనలు రెండు భాషల్లో.

ఇంట్లో సంగతి మీటింగ్‌తో తేలలేదు. అత్తయ్య పిలిస్తే సాయంత్రం ఆవిడ మంచం దగ్గర అక్కా నేనూ కుటుంబ ప్రార్థనకి కూర్చోవడం మొదలుపెట్టాం, అక్క ఒడియాలో, నేను తెలుగులో. కొన్నాళ్ళకి బావగారు వచ్చి కూర్చున్నారు. "మేం వెళ్ళిపోతుంటే ఎందుకని మీలో ఒక్కరూ అడగలేదు" అన్నారు మా ఆయనతో. ఆ రాత్రి అన్నదమ్ములిద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. మళ్ళీ బల్ల ఇచ్చిన ఆదివారం నలుగురం ఒకే వరసలో కూర్చున్నాం, దేవునికి స్తోత్రం.

అందరూ తిరిగి రాలేదు. కొన్ని ఇళ్ళు ఆ గృహ కూడికలోనే ఉన్నాయి, పిలిస్తే మేం వెళ్తాం, పాస్టర్ గారూ వెళ్ళి వాక్యం చెబుతున్నారు. సవర భాషలో ఆరాధన ఎప్పుడు, ఎవరు నడపాలి అన్నది ఇంకా తేలలేదు. దాని కోసం ప్రార్థించండి.