ఒక ఏ4 కాగితం, మూడు పొడుపు కథలు: నాలుగో తరగతి తలుపుల పుస్తకం ఎందాకా వచ్చింది

అనుకున్న గడువు ఆగస్టు 29. గిడుగు రామమూర్తి పంతులు పుట్టినరోజు, తెలుగు భాషా దినోత్సవం. ఆ రోజుకి 30 మంది పిల్లల్లో ఒక్కొక్కరి చేతిలో తాము రాసి, బొమ్మలు వేసిన ఎనిమిది పేజీల పుస్తకం ఉండాలి. రెండు పొడుపు కథలు ఇంట్లో పెద్దవాళ్లని అడిగి తెచ్చుకున్నవి, మూడోది సొంతంగా కట్టినది. ఎడమ పేజీలో పొడుపు, కుడి పేజీలో చిన్న కాగితం తలుపు, తలుపు ఎత్తితే విడుపు.

జులై రెండో వారం: కాగితం, మడతలు

తలకి రెండు చొప్పున (ఒకటి చిత్తు, ఒకటి అసలు) 60 కాగితాలు, చిరిగితే పనికొచ్చేలా ఇంకో 10. మామూలు 75 జీఎస్ఎం (చదరపు మీటరుకి 75 గ్రాముల బరువు) జిరాక్స్ కాగితం చాలు. ఈ మడతలో ప్రతి ఆకూ రెండు పొరలుగా వస్తుంది కాబట్టి స్కెచ్ పెన్ రంగు వెనక్కి దిగినా లోపలే దాగిపోతుంది. రంగు వేసేటప్పుడు మాత్రం కింద పాత న్యూస్‌పేపర్ పరచాలి, లేకపోతే బెంచీకి అంటుతుంది. మందంగా ఉన్న డ్రాయింగ్ షీట్‌తో మొత్తం పుస్తకం చేయిస్తే మడతలు నిలవవు, పుస్తకం నోరు తెరుచుకునే ఉంటుంది.

కాగితాన్ని అడ్డంగా పెట్టాలి. పై అంచుని కింది అంచుకి కలిపి మడిచి విప్పాలి. తర్వాత ఎడమ అంచుని కుడి అంచుకి కలిపి మడవాలి, అదే వైపు ఇంకోసారి మడవాలి, ఈ చివరి మడత ఒక్కటే విప్పాలి. ఇప్పుడు సగానికి మడిచిన కాగితం చేతిలో ఉంటుంది. మడత ఉన్న వైపు నుంచి, నడిమి అడ్డగీత మీదుగా, నిలువు గీత తగిలేదాకా కత్తిరించాలి. ఆ కోత పొడవు 7.4 సెంటీమీటర్లు. కాగితమంతా విప్పి, నిడివిగా సగానికి మడిచి, రెండు కొసలూ పట్టుకుని లోపలికి తోస్తే కోత నోరు తెరుచుకుని నాలుగు రెక్కలవుతుంది. వాటిని ఒక పక్కకి వాలిస్తే పుస్తకం. ఒక్కో పేజీ 7.4 సెంటీమీటర్ల వెడల్పు, 10.5 సెంటీమీటర్ల ఎత్తు.

ఎక్కువగా పాడయ్యేది కోత దగ్గరే. మడత వైపు కాక తెరిచిన అంచుల వైపు నుంచి కత్తిరిస్తే మధ్యలో కోత పడదు, రెండు పక్కలా చీలికలు పడతాయి, ఆ కాగితం ఇక చిత్తుకే. అందుకే కత్తెర ఇవ్వకముందే మడత అంచు మీద పెన్సిల్‌తో చుక్క, కోత ఆగాల్సిన చోట అడ్డగీత పెట్టించాలి. ఒక్కొక్కరికి ఒక్క కోతే కాబట్టి మొన మొద్దుగా ఉన్న కత్తెరలు ఐదు చాలు.

రెండో తిప్పలు పేజీల వరస. విప్పిన కాగితంలో కింది వరసలో ఎడమ నుంచి వెనక అట్ట, ముందు అట్ట, 2, 3 వస్తాయి. కాగితాన్ని తలకిందులు చేస్తే మిగతా వరసలో ఎడమ నుంచి 4, 5, 6, 7. ఇది పిల్లలకి బోర్డు మీద చెప్పడం దండగ. పుస్తకం మడిచి ఉండగానే ప్రతి పేజీ మూలన సన్నగా అంకె, పైభాగాన బాణం గుర్తు వేయిస్తే, విప్పాక అదే దారి చూపిస్తుంది.

జులై మూడో వారం: మాటలు

ఈ పనిలో అసలు సారం ఇక్కడే ఉంది. రెండు పీరియడ్లు అనుకున్నది మూడుకి సాగినా కంగారు పడక్కర్లేదు.

ఇంటి నుంచి వచ్చినవాటిలో ఎక్కువమందికి తెలిసినవి ఇవి: ‘తోక లేని పిట్ట తొంభై ఆమడ పోతుంది’ (ఉత్తరం), ‘కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు మూసినా చప్పుడు కావు’ (కనురెప్పలు), ‘తోలు నలుపు, తింటే పులుపు’ (చింతపండు). మాట ఇంటింటికీ కాస్త మారుతుంది. ఇంట్లో ఎలా చెబితే అలాగే రాయనివ్వాలి, దిద్దకూడదు.

సొంత పొడుపు కట్టమనగానే పిల్లలు ‘వానలో పట్టుకుంటాం, నల్లగా ఉంటుంది’ అని రాస్తారు. అది పొడుపు కాదు, గొడుగు గురించి వాక్యం. పాత పొడుపుల్నే విప్పి చూపిస్తే రెండు మూసలు దొరుకుతాయి. ఒకటి, ఉండాల్సింది లేకపోవడం: పిట్టే, కానీ తోక లేదు. రెండోది, పోలిక ఇచ్చి కాదనడం: తలుపులే, కానీ చప్పుడు లేదు. ముందు వస్తువుని ఎంచుకుని, అది దేనిలా ఉంది, ఏం చేస్తుంది, దానికి ఏం లేదు అని మూడు ముక్కలు చిత్తులో రాయించాలి. వస్తువు పేరుగానీ, దాని వాడకంగానీ పొడుపులో రాకూడదు. ఫ్యాన్‌కి ఇలా వచ్చింది:

మూడు రెక్కల పిట్ట,
ముక్కు లేని పిట్ట,
ఎంత తిరిగినా గూడు దాటదు.

కుక్కర్‌కి: ‘ఈల వేస్తుంది, రైలు కాదు. ఆవిరి వదులుతుంది, ఇంజను కాదు.’ ఇది రెండో మూస. ఈల చోట ‘కూత’ అంటే పిల్లలు వెంటనే రైలు అనేస్తారు, కాబట్టి ఈలే నయం.

పరీక్ష పక్కవాళ్ల మీదే. మొదటి ముక్క వినగానే విడుపు చెప్పేస్తే పొడుపు మరీ తేలిక. ‘తెల్లగా, గుండ్రంగా ఉంటుంది’ లాంటిదానికి ఇడ్లీ, చందమామ, బంతి మూడూ సరిపోతాయి. అప్పుడు వాటిలో రెండింటిని కొట్టేసే ముక్క ఒకటి కలపాలి. ప్రాస వస్తే మంచిదే, నలుపు–పులుపు చెవికి ఎంత బాగుందో వినిపించాలి. ప్రాస కోసం అర్థం వంకర పోతుంటే మాత్రం ప్రాసనే వదిలేయించాలి.

రాత కొలత ముందే చూసుకోవాలి. పక్కలకి 7 మిల్లీమీటర్లు వదిలితే వరసకి 60 మిల్లీమీటర్లు మిగులుతుంది. ఈ వయసు చేతికి అందులో ఏడెనిమిది అక్షరాలు పడతాయి. ‘తోక లేని పిట్ట’ ఒక వరస, ‘తొంభై ఆమడ’ ఒక వరస, ‘పోతుంది’ ఒక వరస. ‘కిటకిట తలుపులు’ ఒక వరసలో ఇరుకవుతుంది, రెండుగా విడగొట్టడమే మేలు. వరసకీ వరసకీ 15 మిల్లీమీటర్లు ఉండాలి. కాపీ పుస్తకం గీతల్లా దగ్గరగా గీస్తే ‘పిట్ట’ కింద ఒత్తు వెళ్లి కింది వరస గుడి మీద కూర్చుంటుంది. మాట సగంలో విరిగి ‘ది’ ఒక్కటే కింది వరసకి జారడం ఇంకో మామూలు తప్పు. చిత్తు పుస్తకంలోనే వరసలు విడగొట్టిస్తే ఇది తప్పుతుంది.

జులై ఆఖరి వారం: బొమ్మలు

ఒకటే నియమం: తలుపు మీద పొడుపు చెప్పినదే వేయాలి, తలుపు కింద విడుపు వేయాలి. తోక లేని పిట్ట అంటే నిజంగానే తోక తెగిన పిట్టని వేయాలి, నవ్వు వచ్చేది అక్కడే. పిల్లలు తొందరపడి పిట్ట ముక్కున ఉత్తరం పెట్టేస్తారు, దాంతో ఎత్తకుండానే గుట్టు రట్టు. కింద వేసే ఉత్తరానికి స్టాంపు, చిరునామా గీతలు, పిన్‌కోడ్‌కి ఆరు గళ్లు ఉంటే చాలు. చాలామంది ఉత్తరం ఎన్నడూ చూడలేదు కాబట్టి ఒక పాత కవరు క్లాసులో తిప్పాలి. ఆమడ అంటే పాత దూరపు కొలత అని కూడా అప్పుడే చెప్పేస్తే సరి.

వరస: పెన్సిల్, నల్ల బాల్ పెన్, రబ్బరు, ఆ తర్వాత రంగు పెన్సిళ్లు. మైనం క్రేయాన్లు ఇక్కడ వద్దనే చెప్పాలి. పుస్తకం మూయగానే కుడి పేజీ రంగు ఎడమ పేజీ రాతకి అంటుకుంటుంది. మైనం మీద స్కెచ్ పెన్ సాగదు, మొన పూడుకుపోతుంది.

ఆగస్టు మొదటి వారం: తలుపులు

తలుపులకి మాత్రం డ్రాయింగ్ షీట్, 120 జీఎస్ఎం దరిదాపుల్లో. జిరాక్స్ కాగితం తలుపు కింద నల్ల పెన్ను గీత వెలుతురుకి కనిపించిపోతుంది. తలుపు 50 మిల్లీమీటర్ల వెడల్పు, 45 ఎత్తు, జిగురు పట్టీకి పైన ఇంకో 8. అంటే 50×53 ముక్క. ఒక ఏ4 డ్రాయింగ్ షీట్‌లో నిలువునా ఐదు, అడ్డంగా నాలుగు, మొత్తం 20 ముక్కలు వస్తాయి. మనిషికి మూడు చొప్పున 90 కావాలి కాబట్టి ఐదు షీట్లు.

పట్టీని స్కేలు ఆనించి, సిరా అయిపోయిన రీఫిల్‌తో ఒక గీత గీసి మడిస్తే తలుపు నీటుగా లేస్తుంది. జిగురు పట్టీకే రాయాలి, గ్లూ స్టిక్‌తో. సీసాలో తెల్ల జిగురు ఇస్తే పల్చటి కాగితం ఉబ్బి ముడతలు పడుతుంది, కారిన చుక్క తలుపుని మొత్తంగా మూసేస్తుంది. కనురెప్పల పొడుపుకి 25 మిల్లీమీటర్ల రెండు తలుపులు పక్కలకి తెరుచుకునేలా పెడితే ముచ్చటగా ఉంటుంది. నడిమి మడతకి కనీసం 10 మిల్లీమీటర్లు ఎడం ఉంటేనే ఎడమ తలుపు పూర్తిగా తెరుచుకుంటుంది.

ఇప్పుడు: నకళ్లు

అట్టలు రెండూ ఒక్క పీరియడ్లో అయిపోయాయి. ముందు అట్ట మీద పేరు, బొమ్మ. వెనక రాసినవాళ్ల పేరు, తరగతి, పొడుపులు చెప్పిన ఇంటి పెద్ద ఎవరో.

బడి లైబ్రరీకి తలా ఒక నకలు కావాలంటే జిరాక్స్ తలుపులు అంటించకముందే తీయించాలి. అంతా ఒకే ముఖాన ఉంటుంది కాబట్టి పుస్తకానికి ఒక్క నకలు చాలు, తలుపు బొమ్మలు ఏ4 మీద పేర్చి విడిగా తీయించవచ్చు. షాపులో సైజు నూరు శాతం పెట్టమని గట్టిగా చెప్పాలి. కాగితానికి సరిపెట్టే సెట్టింగ్‌లో బొమ్మ కాస్త కుంచించుకుపోయి, మడత గీత ఒక చోట, పేజీ అంచు ఇంకో చోట పడతాయి. మిషన్ అంచుల్లో 5 మిల్లీమీటర్ల దాకా తినేస్తుంది, అక్కడ రాత ఉండకూడదు. లేత పసుపు, లేత నీలం నలుపు-తెలుపు నకల్లో రావు. నల్ల పెన్ను గీత సన్నగా ఉన్న పుస్తకాలు తొమ్మిది మిగిలాయి, వాటి మీద ఈ వారం మళ్లీ పెన్ను తిప్పిస్తే షాపుకి పంపొచ్చు.