కంచె గొంతుతో పాడాలంటే

1998 అక్టోబర్ 6 రాత్రి, అమెరికాలో వయోమింగ్ రాష్ట్రం లారమీ ఊరి బయట ఇద్దరు కలిసి 21 ఏళ్ల గే విద్యార్థి మాథ్యూ షెపర్డ్‌ను కొట్టి, కంచెకు కట్టేసి పోయారు. 12న అతను చనిపోయాడు. అతని కోసం స్వరకర్త క్రెయిగ్ హెల్లా జాన్సన్ కూర్చిన బృందగానం ‘కన్సిడరింగ్ మాథ్యూ షెపర్డ్’ని 2016లో టెక్సస్ బృందం కాన్‌స్పిరారే తొలిసారి పాడింది. ఇప్పుడు ఊళ్లలోని కోయిర్‌లూ, అంటే బృందగాన మండళ్లూ, ఎత్తుకుంటున్నాయి.

సుమారు 100 నిమిషాల పాట. వాద్యాలు కొన్నే: పియానో, క్లారినెట్, తీగ వాద్యాలు, గిటార్, తాళవాద్యాలు. జర్మన్ స్వరకర్త బాఖ్ రాసిన ‘సి మేజర్ ప్రెల్యూడ్’ను పియానోపై వాయించడంతో మొదలవుతుంది కాబట్టి ముందు మంచి పియానిస్టును చూసుకోవాలి.

మామూలు కోయిర్‌ను దెబ్బతీసేది గొంతు పూడుకుపోవడం. ఏడుపొస్తే స్వరపేటిక పైకి లేస్తుంది, ఊపిరి ఛాతీలోనే ఆగిపోతుంది, శృతి జారుతుంది. అందుకే మొదటి రెండు వారాలు రాగం జోలికి పోకుండా, గుండ్రంగా కూర్చుని సాహిత్యాన్ని పైకి చదవాలి. ఏడుపు అక్కడే తీరాలి. మాథ్యూ నోటుపుస్తకంలోని మాటలూ ఇందులో ఉన్నాయి. అవి చదివేటప్పుడు ఎవరినీ తొందరపెట్టకూడదు.

కంచె పాటల్లో మాట్లాడేది కంచే. రాత్రంతా ఆ అబ్బాయిని పట్టుకుని నిలబడింది అదే కదా. ఇక్కడ నటిస్తే పాట చచ్చిపోతుంది. గొంతు వణికించకుండా, నిదానంగా, చదునుగా పాడాలి. పక్కపక్కనున్న ఇద్దరూ ఒకేసారి ఊపిరి తీస్తే మధ్యలో గుంత పడుతుంది. ఎవరు ఎక్కడ తీయాలో స్వరప్రతిలో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోవాలి.

మాథ్యూ అంత్యక్రియల దగ్గర నిలబడి గేలను దూషించినవాళ్ల మాటల్నీ కోయిరే పాడాలి. మంచివాళ్లు సిగ్గుపడి హల్లుల్ని మింగేస్తారు. అప్పుడు ఆ ద్వేషం శ్రోతకు తగలదు. హల్లులు రాయిలా పడాలి. అయితే ఆ భాగం పాడలేనని ఎవరైనా అంటే కారణం అడగకుండా వదిలేయాలి. చిన్నప్పటినుంచీ ఆ మాటలు పడ్డవాళ్లు బృందంలోనే ఉండొచ్చు.

కార్యక్రమ పత్రంలో 2009 నాటి అమెరికా ద్వేషనేరాల చట్టం (జాతి, లైంగికత వంటివాటిపై ద్వేషంతో చేసే దాడుల మీద చట్టం) గురించి రెండు వాక్యాలైనా వేయండి. దానికి మాథ్యూ పేరుతో పాటు, 1998లోనే టెక్సస్‌లో హత్యకు గురైన నల్లజాతీయుడు జేమ్స్ బర్డ్ పేరు కూడా పెట్టారు. 2017లో కన్సాస్‌లోని ఓలేథ్‌లో మన శ్రీనివాస్ కూచిభొట్లను కాల్చి చంపినవాడిపైనా ఫెడరల్ ద్వేషనేరం కేసు నడిచింది.