బెజవాడ రోడ్డు మీద నదుల లెక్క

మామూలు రోజుల్లో హైదరాబాద్ నుంచి కోనసీమ వెళ్లడం ఒక లెక్క, భోగి ముందు రోజు వెళ్లడం ఇంకో లెక్క. ఫాస్టాగ్ వచ్చి ఏళ్లు గడిచినా పండక్కి పంతంగి టోల్‌గేటు దగ్గర కార్లు బారులు తీరుతూనే ఉన్నాయి. అందుకే తెల్లవారుజామున మూడున్నరకే బండి తీశాం. నిద్రమత్తులో ఉన్న పిల్లల్ని ఎత్తుకొచ్చి సీట్లలో కూర్చోబెట్టి బెల్టులు పెట్టేస్తే ఎల్బీనగర్ దాటేలోపే మళ్లీ నిద్రలోకి జారుకున్నారు. ఆ మొదటి మూడు గంటలూ మనవి.

అమ్మాయికి ఏడేళ్లు, కాస్త ఎత్తుగా కూర్చోబెట్టే బూస్టర్ సీట్లో కూర్చుంటుంది. చిన్నోడికి నాలుగు, వాడిది చైల్డ్ సీటు. "పాపం, పసివాణ్ని అలా కట్టేస్తారేంటమ్మా, ఒళ్లో పెట్టుకోకూడదూ" అని మా అత్తయ్య ఫోన్లో ప్రతిసారీ అంటారు. మిగతా విషయాల్లో ఆవిడ మాటే నా మాట గానీ ఇందులో మాత్రం వినను. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించాక, పద్నాలుగేళ్లలోపు పిల్లలకు బెల్టో చైల్డ్ సీటో లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా వేస్తారు. జరిమానా సంగతి అలా ఉంచండి, గట్టిగా బ్రేకు పడితే ఒళ్లో ఉన్న పిల్లాణ్ని ఏ తల్లి చేతులూ ఆపలేవు.

కార్లో ఫోన్ ఇవ్వం. క్రమశిక్షణ కోసమేమీ కాదు, చిన్నోడికి వాంతులవుతాయి. కళ్లేమో కదలని స్క్రీన్ మీద ఉంటాయి, చెవి లోపలి భాగమేమో ఒళ్లంతా కదులుతోందని చెబుతుంది. ఆ రెండు కబుర్లకీ పొత్తు కుదరక కడుపులో తిప్పుతుంది. పన్నెండేళ్లలోపు పిల్లలకు ఈ బాధ మరీ ఎక్కువ. దూరంగా ఉన్న గుట్టనో చెట్టునో చూస్తే కాస్త సర్దుకుంటుంది. కార్లో ఘుమఘుమలాడే సెంటు డబ్బా ఉంటే ముందు దాన్ని తీసి డిక్కీలో పడేయండి. కవర్లు, తడి గుడ్డ, వాడి చొక్కా మాత్రం నా కాళ్ల దగ్గరే ఉంటాయి.

ఫోన్ లేకపోతే మరేం చూడాలి? దానికి మా ఆయన ఒక ఉపాయం కనిపెట్టారు. పొడుగాటి కాగితం మీద మా ఇంటి నుంచి ఊరిదాకా ఒక వంకర గీత గీసి, దారిలో వచ్చే నదులన్నీ నీలం పెన్సిల్‌తో అడ్డంగా గీశారు. నది వచ్చినప్పుడల్లా అమ్మాయి పేరు చదవాలి, చిన్నోడు దాని మీద నా బొట్టుబిళ్ల ఒకటి అంటించాలి. "ఇంకెంత దూరం?" అంటే "రెండొందల కిలోమీటర్లు" అని చెప్పి ఏం లాభం? "ఇంకో రెండు నదులు" అంటే వాడికి అర్థమవుతుంది.

సూర్యాపేటకి ముందు మంచులో మూసీ వచ్చింది. ఇద్దరినీ లేపాం.

"మన చాదర్‌ఘాట్ కింద పోయే మూసీయేనా?" అంది అమ్మాయి.

"అదే. అనంతగిరి కొండల్లో పుట్టి, మన ఊరి మీదుగా ఇటొచ్చింది."

"మరి ఇక్కడ కంపు లేదేంటి నాన్నా?"

ఆయన దగ్గర జవాబు లేక అద్దాలు దించారు. చలిగాలికి చిన్నోడి మత్తు వదిలిపోయింది.

సూర్యాపేటలో ఇడ్లీ తిన్నాక పిల్లల్ని అరగంట పరిగెత్తనిచ్చాం. ఆకలనో, పాసనో వాళ్లు అడిగేదాకా ఆగితే అప్పటికే ఏడుపు మొదలవుతుంది. అడగకముందే ఆపితే ఆ అరగంట ఎక్కడికీ పోదు. కోదాడ దాటాక గిన్నెలో గుప్పెడు మరమరాలు పోసిచ్చాను. చిన్నోడు ఒక్కొక్క గింజా రెండు వేళ్లతో ఏరి, వెలుతురుకి పెట్టి చూసి, నాలిక చివర అంటించుకుని తింటాడు. ఆ గుప్పెడే జగ్గయ్యపేట దాటిందాకా వచ్చింది. చాక్లెట్ అయితే ఒక్క నిమిషం, ఆ తర్వాత దాహం, ఆ తర్వాత మళ్లీ బండి ఆపడం.

పాలేరు, మున్నేరు, ఒకదాని వెనక ఒకటి బొట్లు పెట్టించుకున్నాయి. మూసీతో కలిపి ఈ మూడూ చివరికి కృష్ణలోనే కలుస్తాయని వాళ్ల నాన్న చెప్పారు. బెజవాడలో కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కి, పక్కనే అంత నీళ్లు కనబడగానే చిన్నోడు, "అన్నీ ఇక్కడికే వచ్చేశాయా!" అని కేక పెట్టాడు. కృష్ణకి మాత్రం మూడు బిళ్లలు అంటించాడు. ఎవరూ చెప్పలేదు.

నంబరు ప్లేట్ల ఆట సంక్రాంతికి పనికిరాదు. హనుమాన్ జంక్షన్ దాటినా ముందూ వెనకా టీఎస్, టీజీ బళ్లే. ఏలూరు వైపు పొడుపు కథలు మొదలుపెట్టాను. "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు తీసినా చప్పుడు కావు" అంటే అమ్మాయి వెంటనే "కనురెప్పలు" అంది. "అడవిలో పుట్టింది, అడవిలో పెరిగింది, మా ఇంటికొచ్చి తైతక్కలాడింది" అన్నదే తేలలేదు. కవ్వం అని చెప్పినా తేలలేదు, మా ఇంట్లో ఉన్నది మిక్సీ కదా. తమ్మిలేరు వచ్చేసరికి ఇద్దరూ నిద్రలో ఉన్నారు. ఆ బొట్టు నేనే పెట్టాను. లేచాక అమ్మాయి ఒప్పుకోలేదు, చూడని నదికి బొట్టేంటని గిల్లి పీకేసింది.

తణుకు దాటాక మొండితనం మొదలైంది. ఏ ఆటా నడవలేదు, ఏ కథా వినలేదు. అలాంటప్పుడు ఇంకో కొత్త ఆట వెతకడం దండగ. కాసేపు ఏడవనిచ్చాం. సిద్ధాంతం వంతెన మీద వశిష్ఠ గోదావరి కనబడేదాకా ఏడ్చి, దాన్ని చూసి ఆపేశారు. రావులపాలెంలో పూతరేకులు కొన్నాం. పక్కనే ఉన్న ఆత్రేయపురం వాటికి 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కాగితంలా ఉన్నదాన్ని తినొచ్చంటే చిన్నోడు నమ్మలేదు. ఒకసారి నాకి చూశాక మాత్రం మాకు మిగల్లేదు.

తిరుగు ప్రయాణానికి ఈ కాగితం చెల్లదు, నదులన్నీ తెలిసిపోయాయిగా. అందుకే తిరిగి వెళ్లేటప్పుడు బెజవాడలో పిన్ని వాళ్లింట్లో రాత్రి ఉండి, మర్నాడు భోజనాలయ్యాక పిల్లలు కునికే వేళ చూసి బయల్దేరాలనుకున్నాం. దానికి ఇంకో రోజు సెలవు కావాలి. మా ఆయన ఆఫీసుకి మెయిల్ పెట్టారు, ఇంకా జవాబు రాలేదు.