మూతి లాగింది మంచి వైపు

2018 జూన్. చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒక పొద్దున పళ్లు తోముకుని పుక్కిలిస్తుంటే నోట్లో నీళ్లు నిలవలేదు. కుడి మూల నుంచి కారి చొక్కా తడిసింది. అద్దంలో చూస్తే మూతి ఎడమకు పోయింది. కుడి కన్ను మూతపడటం లేదు. పక్షవాతమే అనుకుని కాళ్లు వణికాయి.

కాళ్లూ చేతులూ బాగానే ఆడుతున్నాయి, కుడివైపు నుదురు కూడా ముడత పడటం లేదు కాబట్టి ఇది మెదడులోది కాదు, ముఖానికి వెళ్లే ఏడో నరం వాచింది, బెల్స్ పాల్సీ అన్నారు ఆస్పత్రిలో. 72 గంటల్లోపు మొదలుపెడితే మేలని ఆ రోజే స్టెరాయిడ్ ఇచ్చారు. కంటికి పగలు చుక్కలు, రాత్రి రెప్ప మూసి టేపు. అక్కడే ఉన్న చైనా వైద్య విభాగానికీ పంపారు.

అక్కడి పెద్దావిడ నాడి పట్టి, నాలుక చూసి, ఏసీ కింద పడుకుంటానని విని, గాలి పట్టింది అంది. రాత్రి వీడియో కాల్‌లో తెనాలి నుంచి అమ్మదీ అదే మాట: "వాతం కమ్మింది నాన్నా, చెవుల్లో దూది పెట్టుకో." పక్షవాతంలో వాతమంటే గాలేనని అప్పుడు తట్టింది. చైనా వాళ్లు పక్షవాతాన్ని పిలిచే 'జోంగ్‌ఫెంగ్'కు కూడా గాలి దెబ్బ అనే అర్థం.

"ఎడమవైపు పాడైందా?" అనడిగింది అమ్మ. అందరూ అలాగే అనుకున్నారు. నిజానికి ఎడమవైపు నిక్షేపంలా ఉంది. కుడివైపు పట్టు వదిలేసింది, ఎదురు లాగేవాళ్లు లేక ఎడమ అంతా తనవైపుకు లాక్కుంది. ఇన్నాళ్లూ నా ముఖం తిన్నగా ఉన్నది రెండు వైపులూ లాగుతూ ఉండబట్టే.

పెద్దావిడ కాగితం మీద కొండ గీసింది. ఎండ పడే వైపు యాంగ్, నీడ వైపు యిన్. లుయోయాంగ్ ఊరి పేరులో ఉన్నది ఆ యాంగే, లుయో నదికి ఎండ తగిలే ఉత్తరపు ఒడ్డు. పొద్దు తిరిగితే కొండ మీద నీడా జరుగుతుంది.

కుడి చెంపలో సూదులు, చేతిలో బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ ఒకటి. వాటివల్లే తగ్గిందని చెప్పలేను. మందూ, రోజులూ, సూదులూ కలిసే నడిచాయి. నాకు మరవరానిది వ్యాయామం. ఎడమ చెంపను చేత్తో అదిమిపట్టి, కుడివైపును నవ్వించాలి. బలమున్న వైపును ఆపితే గానీ రెండోది కదలనే కదలదు.

అప్పట్లో పగలు ఫ్యాక్టరీల చుట్టూ తిరిగి, రాత్రి అమెరికా కాల్స్‌లో కూర్చునేవాణ్ణి. జబ్బు దానివల్లే వచ్చిందని ఏ డాక్టరూ అనలేదు, నేనూ అనను. కానీ చెంప అదిమిపట్టిన ప్రతిసారీ, ఆపాల్సింది ఇదొక్కటేనా అనిపించేది. రాత్రి కాల్స్ వదిలేశాను. జీతం తగ్గింది.

పంతొమ్మిదో రోజు రెప్ప కాస్త కిందికి దిగింది. ఏడో వారంలో పుక్కిలిస్తే నీళ్లు నిలిచాయి. వెంటనే అమ్మకు కాల్ చేసి నవ్వాను. అమ్మ కళ్లజోడు తుడుచుకుని ఫోన్ దగ్గరికి లాక్కుంది. చాలాసేపు చూసింది.

"ఏ వైపురా నాన్నా అది?"