బందీపూర్‌లో రేచుకుక్కలు

కర్ణాటకలోని బందీపూర్ అడవికి వెళ్లొచ్చామని చెప్పగానే ఎవరైనా అడిగేది ఒకటే: "పులి కనిపించిందా?" కనిపించలేదు. పులి కోసమే చదివేవాళ్లు ఇక్కడితో ఆగిపోవచ్చు.

మైసూరు నుంచి నంజనగూడు, గుండ్లుపేట మీదుగా ఊటీ రోడ్డు పట్టుకుంటే 80 కిలోమీటర్ల దూరం. మేం వెళ్లింది జులైలో. గుండ్లుపేట చుట్టుపక్కల పొలాల్లో పొద్దుతిరుగుడు, బంతి విరగబూసి ఉన్నాయి. ఫొటోల కోసం కార్లు ఆపేవాళ్లతో అక్కడే ఓ చిన్న తిరునాళ్ల నడుస్తోంది.

మైసూరు మహారాజులు ఒకప్పుడు వేటాడిన అడవి ఇది. 1973లో ప్రాజెక్ట్ టైగర్ మొదలైనప్పుడు ఎంచుకున్న తొలి తొమ్మిది అడవుల్లో ఇదీ ఒకటి. 2022 లెక్కల్లో ఇక్కడ 150 పులులు తేలాయి. అన్ని ఉండి కూడా కంటికి ఎందుకు ఆనవో జీపు లోపలికి వెళ్లాక తెలిసింది. దారికి రెండువైపులా మనిషెత్తున లంటానా పొదలు. పూలు ముద్దుగా ఉంటాయని తెల్లదొరలు ఎక్కడో దక్షిణ అమెరికా మొక్కని తెచ్చి తోటల్లో పెంచితే, అది అడవిలోకి పాకి కూర్చుంది. దాని కింద గడ్డి మొలవదు, దాన్ని జింకలు తినవు. పది అడుగుల దూరంలో పులి పడుకున్నా మనకి పూలే కనిపిస్తాయి.

కాసేపటికి చెట్టు మీంచి కొండముచ్చు ఒకటి గట్టిగా అరిచింది. వెంటనే దుప్పులు అందుకున్నాయి. డ్రైవర్ ఇంజను ఆపేసి, "మాట్లాడొద్దు సార్" అన్నాడు. జీపులో అందరికీ ఒకటే టెన్షన్. పొదల్లోంచి ఒకదాని వెనక ఒకటి బయటికొచ్చినవి రేచుకుక్కలు. ఇటుక రంగు ఒళ్లు, నల్లటి కుచ్చుతోక. ఊరకుక్కల్లా మొరగవు, ఈల వేసినట్టు సన్నగా కూస్తాయి. ఒకటి దారి మధ్యలో నిలబడి మావైపు చూసింది, మూతి పక్కన ఇంకా ఆరని నెత్తురు. మిగతావి దాటేదాకా అక్కడే ఉండి, తర్వాత తీరిగ్గా వెళ్లిపోయింది.

"వీటికోసమా ఇంత డబ్బు తగలేశాం?" అన్నాడు నా పక్కనున్న పెద్దాయన. నాకు నవ్వొచ్చింది. మన దేశంలో పులులే మూడున్నర వేలు దాటాయి. రేచుకుక్కలైతే ప్రపంచం మొత్తం మీద పిల్లల్ని పెట్టే వయసువి వెయ్యి నుంచి రెండువేల చిల్లరే ఉంటాయని అంచనా. బ్రిటిష్ కాలంలో వీటిని చంపి తెస్తే బహుమతి కూడా ఇచ్చేవారు. ఆ ఈల వినడానికి నేనైతే మళ్లీ టికెట్ కొంటాను.

తిరుగుదారిలో ఏనుగుల గుంపు ఎదురైంది. ఒక ఆడ ఏనుగు గడ్డి దుబ్బుని కాలిగోళ్లతో తన్ని పెకలించి, తొండంతో పట్టుకుని, ముందుకాలికేసి టపటపా కొట్టి మట్టి దులిపాకే నోట్లో పెట్టుకుంటోంది. పక్కనే గున్న కూడా అదే చేయబోయి గడ్డంతా వదిలేసింది. మళ్లీ పట్టుకుంది, మళ్లీ జారింది. చివరికి విసుగొచ్చి తల్లి పొట్ట కిందికి దూరిపోయింది.

మర్నాడు హిమవద్ గోపాలస్వామి బెట్ట అనే కొండ ఎక్కాం. సొంత కార్లు కిందే ఆపేసి కర్ణాటక ఆర్టీసీ బస్సులో వెళ్లాలి. మేం వెళ్లేసరికి గుడి ముందు మనిషికి మనిషి కనబడనంత మంచు.

అడవి మధ్య నుంచి ఊటీకి, కేరళలోని వయనాడుకి పోయే హైవేలని 2009 నుంచి రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తున్నారు. చుట్టూ తిరిగి పోవాల్సి వస్తోందని వయనాడు వైపు వాళ్లు ఏళ్లుగా గొడవ చేస్తున్నారు. వాళ్ల ఇబ్బంది నిజమే. కానీ మన శ్రీశైలం రోడ్డు మీద మన్ననూరు గేటు కూడా రాత్రి తొమ్మిదికే పడుతుంది కదా, దానికి అలవాటుపడ్డ మనకి ఇదేం వింతగా అనిపించదు. గేటు తీయకూడదనే నా ఓటు.

పులే చూడాలి అనుకుంటే మార్చి, ఏప్రిల్ నెలల్లో వెళ్లండి. గడ్డి ఎండి, జంతువులు నీటిగుంటల దగ్గరికి చేరతాయి. పచ్చటి అడవి, పిల్లలతో ఏనుగులు కావాలంటే మాత్రం వానాకాలమే. బస్సు సఫారీ చవకే గానీ అందులో గోల ఎక్కువ, డబ్బు పెట్టగలిగితే జీపే మేలు.